అంతర సూది వెనుక పటాన్‌చెరు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2017 నుంచి ఉచితంగా ఇస్తున్న 'అంతర' గర్భనిరోధక సూదిలో ఉన్న మందు డీఎంపీఏ అనే హార్మోన్. మోతాదు 150 మి.గ్రా., మూడు నెలలకోసారి కండకు వేస్తారు. మన దేశంలో దీని ప్రైవేటు అమ్మకానికి 1993లోనే అనుమతి వచ్చింది. సర్కారు పీహెచ్‌సీకి చేరడానికి మాత్రం మరో 24 ఏళ్లు పట్టింది.

కారణం వెతికితే పటాన్‌చెరు దాకా వెళ్లాలి. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఇదే కోవకు చెందిన నెట్-ఎన్ అనే హార్మోన్ సూదిని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రయోగంలో భాగంగా ఇస్తున్నారు. హైదరాబాద్‌లోని మహిళా సంఘం స్త్రీ శక్తి సంఘటన వాళ్లు వెళ్లి చూస్తే, వచ్చిన పేద మహిళలకు అది ప్రయోగమనే తెలియదు. నెలసరి తారుమారవుతుందనీ ఎవరూ చెప్పలేదు. విషయం తెలిశాక చాలామంది వద్దన్నారు. 1986లో సంఘటన, ఢిల్లీకి చెందిన మహిళా సంఘం సహేలీ తదితరులు సుప్రీంకోర్టుకెక్కారు. 2000లో కేసు ముగిసేసరికి, నెట్-ఎన్‌ను పెద్దఎత్తున వాడటం తగదని కేంద్రమే ఒప్పుకుంది. ఈలోగా 1995లో ఔషధ సాంకేతిక సలహా మండలి డీఎంపీఏనూ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో వద్దంది. అదే మండలి 2015లో సరేనంది.

అభ్యంతరాలు రెండు రకాలు. ఒకటి మందు గురించి: ఎముకల సాంద్రత తగ్గుతుందని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరికే పెట్టించింది. మానేశాక చాలావరకు కోలుకుంటుందని తర్వాత తేలింది. రెండోది, చెప్పి ఇస్తున్నామా అన్నది. నా లెక్కలో అసలు తగాదా ఇదే, అదింకా తీరలేదు. మాత్రయితే రేపటి నుంచి మానేయొచ్చు; ఒంట్లోకి వెళ్లిన సూదిమందును వెనక్కి తీయలేం కదా!

అందుకే ఓపీలో "మూడు నెలలైంది, ముట్టే రాలేదు, కడుపేమో" అని టెన్షన్‌తో వచ్చే మనిషికి ఈ సూదితో ముట్టు ఆగిపోవచ్చన్న మాట మొదటి డోసుకు ముందే తెలిసి ఉండాలి. మధ్యమధ్య బ్లీడింగ్ కనిపించొచ్చని, మానేశాక గర్భం రావడానికి నెలలు పట్టొచ్చని కూడా. సూది వేసినచోట రుద్దకూడదు, మందు త్వరగా కరిగిపోతుంది. తేదీ దాటి వచ్చిందని వెనక్కి పంపేయడం మరో పొరపాటు: డబ్ల్యూహెచ్‌ఓ ప్రకారం నాలుగు వారాల ఆలస్యం వరకు తర్వాతి డోసు వేసేయొచ్చు.