ఐస్ తగ్గిందా? ముందు గ్యాస్ మాట పక్కన పెట్టండి: ఐస్ మెషిన్లపై అపోహలు, వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే నాకు వచ్చే ఫోన్లన్నిటిలో మాట ఒకటే. "సార్, ఐస్ సగానికి పడిపోయింది. గ్యాస్ నింపాలి, ఎప్పుడొస్తారు?" మెషిన్ మూత కూడా తీయకుండా గ్యాస్ అని ఎలా తేల్చారని అడిగితే, పోయినసారి వచ్చినతను చెప్పాడనో, పక్క షాపువాళ్లు అన్నారనో అంటారు. ఈ ఒక్క అపోహకి జనం పెట్టే ఖర్చు మిగతావన్నీ కలిపినా రాదు. అందుకే ముందు దీని సంగతే రాస్తున్నాను.

అపోహ: గ్యాస్ ఏటా కొంత అయిపోతుంది, నింపించుకుంటూ ఉండాలి.

వాస్తవం: మెషిన్‌ని చల్లబరిచే ఈ గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు, మండి అయిపోవడానికి. సీల్ చేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఎంత ఉండాలో మెషిన్ నేమ్‌ప్లేట్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. పదేళ్ల తర్వాతైనా అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ మూయకుండా నింపడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

నిజంగా తగ్గితే నింపడం కనీసం కొన్నాళ్లు పని చేస్తుంది. తగ్గనప్పుడు నింపితేనే అసలు నష్టం. ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ వేడెక్కుతుంది, ద్రవరూపంలో ఉన్న గ్యాస్ వెనక్కి వచ్చి కంప్రెసర్ లోపలి వాల్వ్‌లను విరిచేస్తుంది. చిన్న మెషిన్లలో అయితే ఊరికే చూద్దామని గేజ్ తగిలించి తీసినా హోస్‌లో కొంత గ్యాస్ పోతుంది. అక్కడ పట్టే గ్యాసే కొద్ది గ్రాములు కాబట్టి, బాగున్న మెషిన్‌కి కూడా ఆ కాస్త తేడాతో ఇబ్బంది మొదలవుతుంది.

ఒక రెస్టారెంట్‌లో ఒకే వేసవిలో మూడుసార్లు గ్యాస్ నింపించారు. నాలుగోసారి నన్ను పిలిచారు. ఓనర్ నిద్రలేని ముఖంతో తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, "సార్, మెషిన్ పోయిందా చెప్పేయండి" అన్నాడు. వెనక ప్యానెల్ తీశాను. వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కలు కనపడలేదు. పిండి, నూనె ఆవిరి, దుమ్ము కలిసి గొంగళి కప్పినట్టు మందంగా పట్టేశాయి. వేలితో లాగితే పొర మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. దానికి తోడు మెషిన్‌ని గోడకి ఆనించి పెట్టారు, పక్కనే ఓవెన్. గ్యాస్ మొత్తం బయటికి తీసి తూకం వేస్తే నేమ్‌ప్లేట్‌లో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు ఉంది! కండెన్సర్ కడిగి, వ్యాక్యూమ్ చేసి (పైపుల్లోని గాలి, తేమ లాగేసి), కొలిచి గ్యాస్ ఎక్కించాం. ఒక విడత ఐస్ కట్టే టైమ్, అంటే ఫ్రీజ్, నలభై నిమిషాల నుంచి ఇరవైకి దిగింది. అయితే అప్పటికే దెబ్బతిన్న కంప్రెసర్ రెండు నెలలకే పోయింది. ఒక బ్రష్‌తో, అరగంటలో తీరే పని అది. ఆయన ముఖం గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

గ్యాసేనా కాదా అన్నది మీరే చాలావరకు కనిపెట్టొచ్చు. క్యూబ్ మెషిన్ అయితే ఫ్రీజ్ చివర్లో ఐస్ కట్టే ఎవాపరేటర్ ప్లేట్ చూడండి. ఒక వైపు ఐస్ మందంగా పట్టి, రెండో వైపు పల్చగా, గుంతలు గుంతలుగా ఉంటే గ్యాస్ మీద అనుమానం పడొచ్చు. ప్లేటంతా సమంగానే పడుతూ టైమ్ మాత్రం ఎక్కువ పడుతోందంటే ముందు కండెన్సర్, తర్వాత నీళ్లు చూడాలి.

నీళ్ల విషయంలో నేను ప్రతిచోటా చేసే పరీక్ష ఒకటి ఉంది. ట్రే నిండి ఫ్రీజ్ మొదలయ్యాక బయటి కుళాయి కట్టేయండి. ఆ ఒక్క సైకిల్, అంటే ఆ విడత ఐస్, మామూలు టైమ్‌కి అయిపోతే నీళ్లు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదని అర్థం. చల్లబడుతున్న నీళ్లలోకి గోరువెచ్చటి నీళ్లు బొట్టుబొట్టుగా కలుస్తూ ఉంటే ఐస్ ఎప్పటికి కట్టాలి? సైకిల్ మధ్యలో కూడా నీళ్లు తీసుకునే మోడళ్లలో ఈ పరీక్ష పనికిరాదు, అది గుర్తుంచుకోండి.

ఇంకొకటి. బ్రోచర్‌లో పెద్దక్షరాలతో కనిపించే కెపాసిటీ చాలా వరకు 21 డిగ్రీల గాలి, 10 డిగ్రీల నీళ్లకి లెక్కగట్టింది. 32 డిగ్రీల గాలి, 21 డిగ్రీల నీళ్లకి వచ్చే అంకె పక్కన చిన్నగా ఉంటుంది. కిలో నీళ్లు 0 డిగ్రీల దగ్గర గడ్డకట్టాలంటే 334 కిలోజౌళ్ల వేడి తీయాలి. దానికి ముందు 10 డిగ్రీల నీళ్లని సున్నాకి తేవడానికి 42 చాలు, 30 డిగ్రీల నీళ్లకైతే 126 కావాలి. అంటే నీళ్ల వేడి వల్లే మెషిన్‌కి ఐదో వంతుకు పైగా పని పెరిగింది. గాలి వేడి దానికి అదనం. ఎండాకాలంలో ఐస్ కొంత తగ్గడం రోగం కాదు, టెన్షన్ పడకండి.

అపోహ: బిన్‌లో ఐస్ కరుగుతోంది, కాబట్టి కూలింగ్ లేదు.

చాలా మెషిన్లలో బిన్ ఫ్రీజర్ కాదు. వేడి తగలకుండా ఫోమ్ గోడలున్న పెట్టె, అంతే. అడుగున కొంత కరగడం, డ్రెయిన్‌లోంచి నీళ్లు పోవడం మామూలే.

అపోహ: ఫిల్టర్ ఉంది కదా, క్లీనింగ్ అక్కర్లేదు.

సాధారణ ఫిల్టర్ మట్టిని, వాసనని ఆపుతుంది. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని ఆపదు. ప్లేట్ మీద ముందు గడ్డకట్టేది స్వచ్ఛమైన నీరు, ఉప్పులన్నీ ట్రేలోనే మిగిలిపోతాయి. అందుకే మెషిన్ ఆ నీళ్లని ఎప్పటికప్పుడు బయటికి వదులుతుంది. ఆ వదిలేది పని చేయకపోతే గార గబగబా పేరుకుంటుంది. గార పట్టిన ప్లేట్ నుంచి ఐస్ జారదు. ఒకటి నుంచి మూడు నిమిషాల్లో అయిపోవాల్సిన హార్వెస్ట్, అంటే ప్లేట్ నుంచి ఐస్ ఊడి పడే దశ, సాగుతూనే ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని స్క్రూడ్రైవర్‌తో పొడవడం. దయచేసి అలా చేయకండి! చాలా ప్లేట్లకి నికెల్ పూత ఉంటుంది. గీత పడిన చోట ఐస్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే పూతే లేచిపోతుంది, ఆ రేకులు ఐస్‌లో పడతాయి, ఇక ప్లేట్ మార్చడమే. నికెల్‌కి హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్న డీస్కేలర్‌నే వాడండి. కనీసం ఆరు నెలలకోసారి, నీళ్లు ఉప్పగా ఉన్నచోట ఇంకా తరచుగా.

డీస్కేలర్ గారని తీస్తుంది, క్రిముల్ని చంపే శానిటైజర్ వేరు, రెండూ చేయాలి. మొదటిది పూర్తిగా కడిగేశాకే రెండోది. యాసిడ్, బ్లీచింగ్ ఒకదానితో ఒకటి కలిస్తే విషవాయువు క్లోరిన్ పుడుతుంది, మూసిన వంటగదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

అపోహ: అంత చల్లదనంలో క్రిములు బతకవు. బతుకుతాయి. చాలావాటిని చలి నిద్రపుచ్చుతుందంతే, కరగగానే లేస్తాయి. ప్లేట్ ముందుండే తెర వెనక, ట్రే అంచుల్లో గులాబీ రంగు జిగురు కనిపిస్తే అది తుప్పు కాదు, సూక్ష్మజీవుల పొర. ఆ ఐస్ పారేసి, మెషిన్ విప్పి శుభ్రం చేయాలి. బిన్‌లోకి చెయ్యి పెట్టొద్దు, గ్లాసుతో ముంచొద్దు, స్కూప్ బయట పెట్టండి.

ఐస్ తెల్లగా, మసకగా వస్తే గాలి బుడగలు, ఉప్పులు కారణం, గ్యాస్ కాదు. ఆర్వో నీళ్లు పెట్టేముందు మాన్యువల్ చూడండి. ఐస్ మందాన్ని నీళ్ల విద్యుత్ వాహకతతో కొలిచే మెషిన్లలో మరీ స్వచ్ఛమైన నీళ్లని సెన్సర్ గుర్తించలేకపోవచ్చు.

ఇన్ని చూశాక కూడా గ్యాసే తగ్గిందని తేలితే, వచ్చినతన్ని లీక్ ఎక్కడుందో చూపించమనండి. దాన్ని బ్రేజింగ్ చేసి (లోహం కరిగించి అతికి), పైపుల్లో తేమ పీల్చే డ్రయర్ మార్చి, వ్యాక్యూమ్ చేసి, తూకం మీద పెట్టి నేమ్‌ప్లేట్ ప్రకారం ఎక్కించమనండి. తూకం తేని మనిషిని మెషిన్ ముట్టుకోనివ్వకండి. నేమ్‌ప్లేట్ మీద ఆర్290 అని ఉంటే అది ప్రొపేన్, మంటంటుకుంటుంది. దాని మీద శిక్షణ ఉన్నవాళ్లే తెరవాలి.

నాకైనా ఇంకొకరికైనా ఫోన్ చేసేముందు రెండు సైకిళ్లకి ఫ్రీజ్ ఎన్ని నిమిషాలు, హార్వెస్ట్ ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ప్లేట్ మీది ఐస్‌ని, నేమ్‌ప్లేట్‌ని, కండెన్సర్‌ని ఫొటోలు తీసి పంపండి. మొన్న ఒకావిడ అలాగే పంపారు, కండెన్సర్ ఫొటోలో రెక్కలకి అడ్డంగా ఒక ప్లాస్టిక్ కవర్ అతుక్కుని ఉంది. తీసేయమన్నాను. సాయంత్రానికి బిన్ నిండిందని మెసేజ్ పెట్టారు.