పెళ్లి అన్నం, గొర్రె కడుపు

వర్ధన్నపేట దగ్గర మా మేనమామ ఊళ్లో పెళ్లి జరిగింది. భోజనాలయ్యాక రెండు గంగాళాల తెల్లన్నం మిగిలింది. పారేయడం ఎందుకని పక్కింటి కురుమాయన దొడ్డి ముందు కుమ్మరించారు. జీవాలు ఎగబడి తిన్నాయి. తెల్లారేసరికి రెండు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి. మూడోది నెమరు మానేసి, పళ్లు కొరుకుతూ గోడకు ఆనుకుని నిలబడింది. "ఎవరో మందు పెట్టిండ్రు" అన్నారు ఊళ్లో. అదే అన్నం ముందురోజు మూడొందల మంది తిని హాయిగా ఇళ్లకు పోయారు.

మందు ఎవరూ పెట్టలేదు. ఆ గొర్రెల్ని చంపింది అన్నమే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అన్నం తిని రెచ్చిపోయిన బ్యాక్టీరియా.

గొర్రె గడ్డి తిని బతుకుతుంది అంటాం గానీ, గడ్డిలోని పీచును అరిగించే ఎంజైము దాని ఒంట్లో తయారు కాదు. ఆ పనంతా దాని నాలుగు పొట్టల్లో మొదటిదాంట్లో ఉండే సూక్ష్మజీవులది. ఆ పొట్ట పది లీటర్ల దాకా పట్టే కుడితి తొట్టి లాంటిది. గాలి దాదాపు ఉండదు, ఎప్పుడూ 39 డిగ్రీల వేడి. అందులోని రసం ఒక్క మిల్లీలీటరు తీసుకుంటే వెయ్యి కోట్ల బ్యాక్టీరియా, లక్షల్లో ప్రోటోజోవా ఉంటాయి. ఇవి గడ్డిని పులియబెట్టి ఆమ్లాలు వదులుతాయి. గొర్రెకు కావాల్సిన శక్తిలో దాదాపు 70 శాతం ఆ ఆమ్లాల నుంచే వస్తుంది. ఇక ఆ సూక్ష్మజీవులు కూడా మెల్లగా నాలుగో పొట్టలోకి జారి అరిగిపోతాయి, గొర్రెకు ప్రోటీన్ చాలావరకు అట్లా దొరుకుతుంది. గొర్రె శాకాహారి అన్న మాట సగమే నిజం.

ఈ బ్యాక్టీరియా అన్నీ ఒక్కటి కావు. పీచును కొరికే జాతులు నిదానంగా పెరుగుతాయి, పులుపు ఎక్కువైతే పని ఆపేస్తాయి. పిండి పదార్థం తినే జాతులు వేరు. వాటికి ఉడికిన అన్నమో, దంచిన మక్కలో ఒక్కసారిగా దొరికితే అరగంట లోపే రెట్టింపు అవుతాయి. అవి వదిలే లాక్టిక్ ఆమ్లం పెరుగును పులిపించే ఆమ్లమే. పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్, మామూలుగా 6, 7 మధ్య ఉండేది 5కు పడిపోతుంది. పీచు తినే జాతులు చస్తాయి, పొట్ట కదలిక ఆగిపోతుంది, ఆమ్లం నెత్తురులోకి ఎక్కుతుంది. పైగా గడ్డి నమిలేటప్పుడు గొర్రెకు బోలెడంత లాలాజలం ఊరుతుంది. రోజుకు పది లీటర్ల దాకా ఊరే ఆ లాలాజలంలో మన తినేసోడాలో ఉండేలాంటి క్షారం ఉంటుంది, పులుపును అదే విరుస్తుంది. మెత్తటి అన్నం నమలాల్సిన పనే లేదు, కాబట్టి ఆ కాపలా కూడా పోయింది.

అట్లని మక్కలు విషం కాదు. రోజూ గుప్పెడుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచుకుంటూ పోతే, లాక్టిక్ ఆమ్లాన్ని తినే బ్యాక్టీరియా కూడా అంతకంతా పెరుగుతాయి. పొట్టేళ్లను బలిపించేవాళ్లు చేసేది ఇదే. దాణాలో కలిపే ఈస్ట్ (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి) పొడి ప్యాకెట్లు పనికొచ్చేది కూడా ఇక్కడే. పొట్టలోకి చొరబడిన కాస్త ఆక్సిజన్‌ను ఈస్ట్ వాడేసుకుని, పీచు జాతులకు, ఆమ్లం తినే జాతులకు ఊతమిస్తుంది. అయితే అది అక్కడ స్థిరపడదు, రోజూ వేయాల్సిందే. నన్నడిగితే, దాణా బాగా తినే పొట్టేళ్లకు సరే గానీ, కోసిన చేలల్లో మేసి వచ్చే మందకు ఈ పొడి కొనడం దండగ.

మందకు నిజంగా పోషణ తక్కువయ్యేది ఎండాకాలంలో, వరిగడ్డి తప్ప ఇంకేమీ దొరకనప్పుడు. వరిగడ్డిలో పీచు ఉంది, దాన్ని తినే బ్యాక్టీరియాకు నత్రజని లేదు. అక్కడ యూరియా పనికొస్తుంది. గొర్రెకు యూరియా బలం కాదు. బ్యాక్టీరియా మాత్రం దాన్ని అమ్మోనియాగా మార్చి, అందులోంచి ప్రోటీన్ కట్టుకుంటాయి. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచుతారు. కొలత తప్పినా, గింజలుగా నోటికి దొరికినా అమ్మోనియా ఎక్కువై ప్రాణం తీస్తుంది. పాలు తాగే పిల్లలకు పెట్టనే కూడదు, వాటికి ఆ పొట్ట ఇంకా తయారై ఉండదు. అమ్మ నాకినప్పుడు, అమ్మ మేసిన చోట మూతి పెట్టినప్పుడు బ్యాక్టీరియా కొంచెం కొంచెంగా వాటిలో చేరుతుంటుంది.

ఖనిజ మిశ్రమంలో చిటికెడు కోబాల్ట్ ఉండేది కూడా బ్యాక్టీరియా కోసమే. 1930లలో ఆస్ట్రేలియాలో పచ్చటి బీళ్లలో మేస్తూ కూడా గొర్రెలు చిక్కి చచ్చిపోతుంటే, లోపం నేలలోని కోబాల్ట్‌దని 1935లో తేలింది. ఎందుకన్నది చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. విటమిన్ బి12 తయారు చేసుకోవడానికి పొట్టలోని బ్యాక్టీరియాకు అది కావాలి, ఆ విటమిన్ గొర్రెకు కావాలి.

నాకు అన్నిటికంటే నచ్చే కథ సుబాబుల్‌ది. మన దగ్గర పొలం గట్ల మీద, కాగితం మిల్లుల కోసం వేసిన తోటల్లో పెరిగే చెట్టే. ఆకులో ప్రోటీన్ దండిగా ఉంటుంది, మేకలు, గొర్రెలు ఇష్టంగా తింటాయి. దాంతోపాటు మిమోసిన్ అనే పదార్థం కూడా ఉంటుంది. అది ఎక్కువైతే ఉన్ని ఊడిపోతుంది, థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది. ఆస్ట్రేలియాలో పశువులకు ఈ బాధ ఉండేది, హవాయిలో మేకలు అదే ఆకు తిని దిట్టంగా ఉన్నాయి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్తకు అనుమానమొచ్చింది, తేడా చెట్టులో కాదు, కడుపులో ఉందేమోనని. 1980ల తొలినాళ్లలో హవాయి మేకల పొట్టరసాన్ని ఆస్ట్రేలియా జంతువులకు పట్టిస్తే, వాటికీ ఆకు అరిగింది. ఆ విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియాకు తర్వాత ఆయన పేరు మీదే సినర్జిస్టెస్ జోన్సి అని పేరు పెట్టారు.

ఆ పెళ్లి మరుసటి రోజు ఆదివారం. మండలం నుంచి వచ్చిన పశువుల డాక్టరు గోడకు ఆనుకున్న మూడో గొర్రెకు గొట్టం వేసి తినేసోడా నీళ్లు పట్టారు. సాయంత్రం కురుమాయన కొడుకును మటన్ దుకాణానికి తోలి, అప్పుడే కోసిన పొట్టేలు పొట్టలోని పసరు గుడ్డలో పిండి తెమ్మన్నారు. చల్లారితే, గాలి తగిలితే బ్యాక్టీరియా చస్తుందని చెప్పడంతో, వాడు దాన్ని ఇంట్లోని ఛాయ్ ఫ్లాస్కులో మూతి దాకా నింపి, బిరడా బిగించి బండి మీద తెచ్చాడు. ముతక వాసన. అదే గొట్టంతో లోపలికి పోశారు. మూడో రోజు పొద్దున గొర్రె దవడ మెల్లగా కదిలింది. ఫ్లాస్కు మాత్రం మళ్లీ వంటింట్లోకి పోలేదు.