తల రాటుదేలదు

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఫిలిప్పీన్స్ వాళ్ల కర్ర పోటీల వీడియోలు చూశామనీ, అలా నిజంగా దెబ్బలు తగిలేటట్టు ఆడడం నేర్చుకోవాలని ఉందనీ పెద్దోడు ఫోన్ చేశాడు. ఫోన్లో అయితే సగం విని "సరే తాతయ్యా" అనేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నేర్చుకోవద్దని నేను అనను. దెబ్బ ఎక్కడ పడితే ఏమవుతుందో తెలియకుండా మాత్రం కర్ర పట్టొద్దంటాను.

మన అమలాపురంలో దసరా వాహనాల ఊరేగింపు ముందు చెడీ తాలింఖానా అనే సాము ప్రదర్శన మీరు చూసే ఉంటారు. కర్రలు, కత్తులు, అగ్గిబరాటాలు తిరుగుతుంటే జనం గుక్కతిప్పుకోరు. అక్కడి నేర్పంతా దెబ్బను అంగుళం దూరంలో ఆపడంలో ఉంటుంది. ఎదుటివాడి ఒంటికి తగిలితే కర్ర తిప్పినవాడికే తలవంపు. మీరు అడుగుతున్న ఆటలో తగలడమే లెక్క. కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవంలో కూడా కర్రలు లేస్తాయి, ఏటా తలలు పగులుతాయి. అది చీకట్లో, గుంపులో జరిగేది. ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో తెలియని చోట నేర్చుకునేది ఏమీ ఉండదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ఫిలిప్పీన్స్‌లో ఈ విద్యను ఆర్నిస్ అనీ ఎస్క్రిమా అనీ అంటారు. 2009లో దాన్ని తమ జాతీయ యుద్ధవిద్యగా చట్టం చేసుకున్నారు. వాళ్ల కర్ర సుమారు 28 అంగుళాల పేముబెత్తం. మన కర్రసాము కర్రలా నుదుటి దాకా రాదు. 1989లో సెబూ నగరంలో జరిగిన మొదటి ప్రపంచ పోటీల్లో మందపాటి మెత్తల కోటు, జాలీ ఉన్న హెల్మెట్ వేసుకుని ఆడారు. అంతకు ఏడాది ముందు, 1988లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో డాగ్ బ్రదర్స్ అనే బృందం మొదలైంది. వాళ్లు అలాంటి మెత్తలేవీ లేకుండా, ఫెన్సింగ్ మాస్కు, పల్చటి గ్లవ్స్‌తోనే దిగుతారు. మీరు చూసిన వీడియోలు చాలావరకు ఆ తరహావే అయి ఉంటాయి. వాళ్లకు గెలుపోటములు చెప్పే రిఫరీ ఉండడు. సాయంత్రానికి అందరూ స్నేహితులుగా, పొద్దున వచ్చినప్పటి తెలివి తగ్గకుండా ఇంటికి వెళ్లాలన్నది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. అంత మొండిగా ఆడేవాళ్లు కూడా మెదడు గురించే ముందు ఆలోచించారు చూడండి.

ఎందుకో చెబుతాను. సాధన చేసే కొద్దీ అరచెయ్యి కాయలు కాస్తుంది, మణికట్టు గట్టిపడుతుంది, పిక్కల మీద దెబ్బకు ఒళ్లు అలవాటు పడుతుంది. తల మాత్రం ఎన్నేళ్లయినా రాటుదేలదు. కొబ్బరికాయను ఊపితే పెంకుకు ఏమీ కాకుండానే లోపల నీళ్లు ఎలా కొట్టుకుంటాయో, మెదడూ అంతే. మాస్కు జాలీ కంటినీ పళ్లనీ చర్మాన్నీ కాపాడుతుంది కానీ ఆ కుదుపును ఆపదు. పైగా ఫెన్సింగ్ మాస్కు కత్తి మొనను ఆపడానికి చేసింది, దానికి తల వెనక వైపు కాపు ఉండదు. కాబట్టి తల వెనక, మెడ మీద కొట్టకూడదని ఆటకు ముందే ఒప్పుకోవాలి. క్రికెట్ హెల్మెట్‌తో సరిపెట్టుకుందామని చూడకండి. ఆ కమ్మీల సందు బంతి దూరకుండా పెట్టింది, బెత్తం కొన అందులోంచి నేరుగా కంట్లోకి పోతుంది.

అన్నిటికంటే నాకు భయం కణత. అక్కడ ఎముక పల్చన, దాని వెనకే రక్తనాళం ఉంటుంది. అది తెగితే కపాలానికీ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. ఇందులో మోసం ఏమిటంటే, దెబ్బ తిన్న కుర్రాడు కాసేపు సొమ్మసిల్లి లేచి, బాగానే మాట్లాడి, ఇంటికెళ్లి అన్నం తిని పడుకోవచ్చు. కొన్ని గంటల తర్వాత తలనొప్పి పెరిగి, వాంతులై, ఒక కంటిపాప పెద్దదై, మత్తులోకి జారిపోతాడు. అందుకని తలకు గట్టి దెబ్బ తగిలినవాణ్ణి ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. స్పృహ తప్పినా, వాంతి అయినా, మాట తడబడినా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా 108కి ఫోన్ చేయండి, స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. గోదావరి లంకల్లో ఉన్న మన చుట్టాల పిల్లలకు మరీ మరీ చెప్పండి. పొద్దుగూకాక ఏరు దాటించే పంటు ఆగిపోయే ఊళ్లో సాయంత్రం ఆట పెట్టుకోకూడదు.

తల తిరిగి, కళ్లు మసకేసి, కాసేపటికి తేరుకుంటే అదీ దెబ్బే. స్పృహ తప్పనంత మాత్రాన మెదడు అదరలేదని కాదు. ఆ రోజుకు కర్ర కింద పెట్టాలి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత నడక, ఆ తర్వాత ఒంటరి సాధన, ఒక్కో మెట్టుకూ కనీసం ఒక రోజు ఆగాలి. డాక్టరు సరే అన్నాకే మళ్లీ ఎదురుబొదురు నిలబడాలి. మొదటి అదురు తగ్గకముందే రెండో దెబ్బ తింటే మెదడు ఉన్నట్టుండి వాచి ప్రాణం పోవచ్చు. అరుదే, కానీ అది ఎక్కువగా జరిగేది మీ వయసు వాళ్లకే.

ఇక చేతులు. ఆటలో ఎదుటివాడి కర్రకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది మీ పిడికిలే, దెబ్బలు ఎక్కువ తినేదీ అదే. క్రికెట్ బ్యాటింగ్ గ్లవ్స్ మొదట్లో పనికొస్తాయి, బొటనవేలికి కాపు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. వేలి కొన వంగిపోయి నిటారుగా లేవకపోతే బెణుకు అనుకోకండి, అక్కడ నరం లాంటి పట్టీ తెగి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు వంచకుండా కట్టు ఉంచితేనే అతుక్కుంటుంది. తల కాచుకోవడానికి ఖాళీ చెయ్యి అడ్డం పెడితే ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక విరుగుతుంది. లాఠీ దెబ్బలకు విరిగేదీ అదే ఎముక.

ముంజెయ్యి వాచి బిగుసుకుపోయి, వేళ్లు చాపితే భరించలేని నొప్పి, తిమ్మిరి ఉంటే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. లోపలి ఒత్తిడికి కండకు రక్తం అందదు. అలాంటి చేతికి బద్దలు పెట్టి బిగించి నాటు కట్టు కట్టించారంటే చెయ్యే పోతుంది. మా తరంలో పెద్దవాళ్లు ముందు కట్టు దగ్గరికే తీసుకెళ్లేవారు. మీరు మాత్రం ముందు ఎక్స్‌రే తీయించండి.

మొదలుపెట్టే పద్ధతి చెబుతాను. మొదటి నెలలు అడుగులకే. కర్ర కొన మహా వేగంగా తిరుగుతుంది, పిడికిలి దగ్గర వేగం తక్కువ. అందుకే వెనక్కి తగ్గేవాడికంటే సరైన వేళకు లోపలికి దూరినవాడికి దెబ్బ తక్కువ. ఆ వేళ తెలియడానికి కాళ్లు కావాలి. పెరట్లో చెట్టుకు పాత టైరు వేలాడదీసి కొట్టండి. తర్వాత మెత్త చుట్టిన కర్రతో, మాస్కు పెట్టుకుని ఒకరితో ఒకరు. ఆ పైన బెత్తంతో, సగం బలంతో, తొడలకూ చేతులకూ మాత్రమే. వెదురు వద్దు, చీలితే అంచు కత్తిలా ఉంటుంది. పేము పీచులా విచ్చుకుంటుంది, అయినా విచ్చిన బెత్తం ఆటకు పనికిరాదు. పంటి గార్డు, మోచేతికి, మోకాలికి కాపు, మగపిల్లలకు నడుం కింద గార్డు, ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు. ఎండాకాలం మన ఉక్కలో ఆ కట్టంతా వేసుకుంటే వడదెబ్బ ఖాయం, తెల్లవారుజామునే ముగించండి. ఆటలో లేని ఒక మనిషి పక్కన నిలబడాలి, ఆయన ఆపమంటే ఆగాలి.

పెద్దోడు "ఇద్దరం ఒప్పుకుని ఆడితే కేసేముంటుంది తాతయ్యా" అన్నాడు. చట్టంలో దీనికి చోటుంది. భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్‌లో ఇచ్చిన ఉదాహరణే సరదాకు కత్తిసాము ఆడే ఇద్దరిది. కానీ ఆ వెసులుబాటు 18 ఏళ్లు దాటి ఒప్పుకున్నవాళ్ల మధ్యే, అదీ చావుకు గానీ తీవ్రగాయానికి గానీ దారితీస్తుందని తెలియని పనికే. ఎముక విరగడం, పన్ను ఊడడం కూడా చట్టం దృష్టిలో తీవ్రగాయమే. తలకు కాపు లేకుండా పూర్తి బలంతో కొట్టి, ఒప్పుకునే ఆడాం అంటే చెల్లుతుందనుకోకండి.

కాబట్టి పద్దెనిమిది నిండని మీ ముగ్గురికీ అడుగులు, టైరు, మెత్త కర్ర వరకే, అదీ తల మీద దెబ్బ లేకుండా. పెద్దోడికి మిగతాది. సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ చేతుల కొలతలు తీసుకురండి, గ్లవ్స్ కాకినాడ నుంచి తెప్పిస్తాను. మాస్కు కొనేముందు పెద్దోడు నాకు ఫోటో పంపాలి. సెకండ్‌హ్యాండ్‌ది అయితే జాలీలో సొట్ట ఉందేమో వేలితో తడిమి చూడమనండి, సొట్ట పడినది ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఈ ఉత్తరం మీ అమ్మావాళ్లకు కూడా చదివి వినిపించండి, వాళ్లకు సందేహం ఉంటే నాతో మాట్లాడమనండి.

ఇట్లు,
మీ తాతయ్య