డాండెలియన్ వేరులో ఉన్నది ఇన్సులిన్ కాదు: అపోహలు - వాస్తవాలు

మూలికల్లో ఏ రసాయనం ఎంత ఉందో ల్యాబ్‌లో పరీక్షించడం నా పని. ఈమధ్య డాండెలియన్ అనే పసుపు పూల మొక్కతో చేసిన క్యాప్సూల్స్ గురించి అడిగేవాళ్లు బాగా పెరిగారు.

అపోహ: దీని వేరులో ఇన్సులిన్ ఉంది, షుగర్ మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: దయచేసి మానేయకండి. వేరులో ఉన్నది ఇన్యులిన్, అంటే ఫ్రక్టోజ్ గొలుసుగా కలిసిన పిండిపదార్థం. ఇన్సులిన్ ప్రోటీన్ హార్మోన్, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చలికాలం గడవడానికి మొక్క దాచుకునే తిండి ఇది, అందుకే ఆకురాలే కాలంలో తవ్విన వేరులో 40 శాతం దాకా ఉండి వసంతానికి 2 శాతం దగ్గరికి పడిపోతుంది, అంటే డబ్బా మీద డాండెలియన్ అని ఒక్క మాట రాసి ఉంటే లోపల ఏముందో మీకేమీ తెలియనట్టే. ఇది బియ్యంలో ఉండే స్టార్చ్ కాదు, అందుకే వేరు పొడి మీద అయోడిన్ చుక్క వేస్తే బియ్యప్పిండికి వచ్చినట్టు నీలం రంగు రాదు. మన చిన్నపేగులో ఇన్యులిన్ అరగదు, పెద్దపేగులో బ్యాక్టీరియా తింటుంది, ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది.

అపోహ: చేదుగా ఉంటుంది కాబట్టి లివర్‌ను కడిగేస్తుంది.

వాస్తవం: ఆ చేదు సెస్క్విటెర్పీన్ ల్యాక్టోన్లు అనే రసాయనాలది. నాలుకకు చేదు తగిలితే జీర్ణరసాలు ఊరతాయి, యూరప్‌లో ఆకలి మందగించినవాళ్లకు దీన్ని ఇచ్చేది అందుకే. క్యాప్సూల్ మింగితే ఆ చేదు నాలుకకు తగలనే తగలదు! ఈ మొక్కలోని టారాక్సాస్టెరాల్, చికోరిక్ ఆమ్లం అనే రసాయనాలు వాపు తగ్గిస్తాయన్న ఫలితాలు చాలావరకు కణాల మీద, ఎలుకల మీద వచ్చినవే. పిత్తనాళం మూసుకుపోయినవాళ్లు అసలు వాడకూడదు.

అపోహ: మూత్రం బాగా వస్తుంది, బీపీ మాత్ర అక్కర్లేదు.

వాస్తవం: 2009లో 17 మందికి ఆకు సారం ఇచ్చి ఒక్కరోజు చూశారు, మూత్రం కొంత పెరిగింది, మూడో డోసుకు తేడా కనిపించలేదు. దీన్ని నమ్మి బీపీ మాత్ర ఆపేస్తారా? ఆకులో పొటాషియం కూడా ఎక్కువే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ఒంట్లో పొటాషియం నిలిపే స్పైరోనోల్యాక్టోన్ మాత్ర వాడేవాళ్లకు అది ప్రమాదం. ఆకులోని విటమిన్ కె వల్ల, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు సరిగా పనిచేయదు.

అపోహ: మన గట్ల మీది గడ్డి చేమంతి ఇదే.

వాస్తవం: కాదు. గడ్డి చేమంతి కాడ తుంచితే పాలు కారవు, డాండెలియన్ కాడ బోలుగా ఉండి పాలు కారుతుంది. కశ్మీర్‌లో దీని ఆకు కూరగా వండుకుంటారు.

అమెరికాలో లాన్ మీద కోసుకునే మనవాళ్లు ముందు అక్కడ కలుపు మందు కొట్టారేమో కనుక్కోండి. చామంతి పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు.