ఈస్ట్ కాలనీలో ఎరుపు: విద్యార్థులకు జన్యు ఇంజినీరింగ్ తొలి పాఠం

కేంద్రకం గల జీవుల్లో జన్యుక్రమాన్ని పూర్తిగా చదవగలిగిన మొదటి జీవి, రొట్టె పిండిని పొంగించే ఈస్ట్. అది 1996 నాటి మాట. సుమారు 6,000 జన్యువులు, 16 క్రోమోజోములు గల ఈ ఏకకణ జీవి అనుకూల పరిస్థితుల్లో గంటన్నరకొకసారి రెట్టింపవుతుంది, ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని చేయదు. పదిహేను, పదహారేళ్ల పిల్లలకు జన్యు ఇంజినీరింగ్‌ను స్వయంగా చేయించి నేర్పడానికి ఇంతకంటే అనువైన జీవి నాకు తోచడం లేదు.

మొదటి ప్రయోగంగా ఏడీఈ2 అనే జన్యువును డీఎన్‌ఏను కోరిన చోట కోసే క్రిస్పర్ అనే పద్ధతితో పనిచేయకుండా చేయించడం మంచిది. డీఎన్‌ఏ నిర్మాణానికి కావలసిన అడెనిన్ అనే పదార్థాన్ని కణం తయారుచేసుకునే క్రమంలో ఒక దశకు కావలసిన ఎంజైము ఈ జన్యువు వల్లనే వస్తుంది. అది లేనప్పుడు ఆ దశకు ముందున్న పదార్థం పేరుకుపోయి, ఆక్సీకరణం చెంది, కణంలోని సంచిలాంటి రిక్తికలో ఎర్రని వర్ణకంగా నిలుస్తుంది. మామూలుగా తెల్లగా పెరిగే కాలనీ, అంటే ఒక కణం నుంచి పెరిగిన ఈస్ట్ గుంపు, గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. జన్యువులో జరిగిన మార్పును విద్యార్థి సూక్ష్మదర్శిని కూడా లేకుండా చూడగలుగుతాడు.

చేసే పని కష్టమైనది కాదు. లిథియం అసిటేట్, పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రావణంలో ఈస్ట్ కణాలకు రెండు రకాల డీఎన్‌ఏను జోడిస్తారు: కాస్9 అనే కత్తెర లాంటి ఎంజైమునూ దానికి దారి చూపే ఆర్‌ఎన్‌ఏనూ తయారుచేయించే ప్లాస్మిడ్ అనే వలయాకార డీఎన్‌ఏ ఒకటి, తెగిన చోటును మరమ్మతు చేసుకోవడానికి నమూనాగా ఉపయోగపడే చిన్న ముక్క మరొకటి. ఆ మిశ్రమాన్ని కొంతసేపు 42 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, ప్లాస్మిడ్ చేరిన కణాలు మాత్రమే పెరగగల అగార్ అనే జెల్లీ పోసిన పళ్లెంపై పరిస్తే, 30 డిగ్రీల వద్ద రెండు మూడు రోజుల్లో కాలనీలు కనిపిస్తాయి.

నమూనా ముక్క ఇవ్వని పళ్లెం ఒకటి పక్కన తప్పక ఉండాలి. అందులో కాస్9 మళ్లీ మళ్లీ కోస్తూ ఉండడం వల్ల చాలా కణాలు చనిపోతాయి. ఆ తేడాను చూసినప్పుడే నమూనా ముక్క ఇచ్చిన పళ్లెంలోని కాలనీలు దేనివల్ల బతికాయో తెలుస్తుంది. అన్నిటికంటే విలువైన చర్చ మాత్రం రంగు రానప్పుడు మొదలవుతుంది. ఆహార మాధ్యమంలో అడెనిన్ సమృద్ధిగా ఉంటే కణం తన సొంత తయారీని తగ్గించుకుంటుంది కనుక, జన్యువు చెడినా కాలనీ తెల్లగానే ఉండిపోతుంది. శ్వాసక్రియ సామర్థ్యం కోల్పోయిన కణాలూ ఎర్రబడవు. జన్యువు ఒక్కటే లక్షణాన్ని నిర్ణయించదన్న సంగతిని విద్యార్థి ఇక్కడ తన చేతిలోని పళ్లెంలోనే గమనిస్తాడు.

ఈస్ట్‌తో చేసే జన్యు మార్పిడికి తెలుగు నేలపై పెద్ద ఉదాహరణే ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకాలోని ప్రోటీనును పికియా పాస్టోరిస్ అనే మరో జాతి ఈస్ట్ చేత తయారుచేయించారు.

మన దేశంలో జన్యుమార్పిడి సూక్ష్మజీవులతో చేసే పని 1989 నాటి నియమావళి పరిధిలోకి వస్తుంది కనుక, ఈ ప్రయోగాన్ని ఇంట్లో కాక, జీవభద్రతా కమిటీ ఉన్న సంస్థ ప్రయోగశాలలో, శిక్షణ పొందిన అధ్యాపకుల సమక్షంలో చేయించాలి. పళ్లేలను 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేశాకే, అంటే అధిక పీడనంలోని ఆవిరితో క్రిములను చంపాకే, పారవేయాలి. ఎంత ముచ్చటగా ఎర్రబడిన కాలనీనైనా ఇంటికి తీసుకుపోనివ్వకూడదు.