పశువైద్యంలో మత్తు: అపోహలు – వాస్తవాలు

కుక్కకో పిల్లికో శస్త్రచికిత్స అవసరమని చెప్పినప్పుడు యజమానులు కోత గురించీ కుట్ల గురించీ పెద్దగా అడగరు. వారి ప్రశ్నలన్నీ మత్తు చుట్టూనే తిరుగుతాయి. ఆ భయం అకారణమైనదని అనను గానీ, అది ఉండవలసిన చోట ఉండదు. మందు పేరు విని కలవరపడేవారు, జంతువు మెలకువలోకి వచ్చే గంటల్లో దాని దగ్గర ఎవరుంటారని మాత్రం అడగరు. జంతువులకు మత్తు ఇచ్చే పనిలో ఉన్న పశువైద్యుడిగా నేను తరచుగా వినే అభిప్రాయాలనూ, వాటి విషయంలో పరిశోధనలు చెబుతున్నదాన్నీ ఇక్కడ రాస్తున్నాను. వీటిలో కొన్ని యజమానులవి, కొన్ని మా వృత్తిలోనివారివే.

అపోహ: మత్తు ఇస్తే జంతువు మళ్లీ లేస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు.

వాస్తవం: కచ్చితంగా ఒక్కొక్క జంతువు గురించి చెప్పలేం గానీ, ప్రమాదం ఎంత, ఎవరికి ఎక్కువ అన్నది లెక్కగట్టిన విషయమే. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు 117 పశువైద్యశాలల నుంచి వివరాలు సేకరించి, 98,036 కుక్కలు, 79,178 పిల్లులు, 8,209 కుందేళ్లకు ఇచ్చిన మత్తును పరిశీలించిన అధ్యయనం 2008లో వెలువడింది. అందులో ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు సంబంధిత మరణాలు 0.05 శాతం, పిల్లుల్లో 0.11 శాతం, కుందేళ్లలో 0.73 శాతం. జబ్బుతో ఉన్న జంతువుల దగ్గరికి వచ్చేసరికి ఇవే అంకెలు కుక్కల్లో 1.33, పిల్లుల్లో 1.40, కుందేళ్లలో 7.37 శాతానికి చేరాయి. అంటే ఆరోగ్యవంతమైన కుక్కలు సుమారు రెండు వేలలో ఒకటి చనిపోతే, జబ్బుపడిన కుక్కలు 75లో ఒకటి చనిపోయాయి.

ఈ అంకెలు పాతబడుతున్నాయి, అప్పటినుంచి మందులూ పరికరాలూ మారాయి. అయినా ఆరోగ్యానికీ అనారోగ్యానికీ మధ్య కనిపించిన ఆ అంతరం మాత్రం నా దృష్టిలో ఈ రంగం మొత్తంలోకీ ముఖ్యమైన విషయం. మత్తుకు ముందు చేసే రక్తపరీక్షలను, గుండెనూ ఊపిరితిత్తులనూ స్టెతస్కోపుతో వినడాన్ని, నీరసించిన జంతువుకు ముందు సెలైన్ ఎక్కించి స్థిమితపరచడాన్ని ఖర్చు పెంచే తతంగంగా భావించే యజమానులు ఈ రెండు వరుసల అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలని కోరతాను. కుందేళ్ల విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది: వేటకు గురయ్యే జంతువు కాబట్టి జబ్బును చివరిదాకా బయటపడనివ్వదు, పైగా ఇరుకైన నోటిలో శ్వాసనాళం కంటికి కనిపించదు కనుక ట్యూబు వేయడం కష్టం.

అపోహ: ముసలి కుక్కకు మత్తు పనికిరాదు.

వాస్తవం: వయసు జబ్బు కాదు. వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందన్నది నిజమే అయినా, అందులో ఎక్కువ పాలు మూత్రపిండాలకో గుండెకో కాలేయానికో వచ్చిన మార్పులది. వాటిని ముందుగా కనుక్కుని, మోతాదులు తగ్గించి, శరీరం చల్లబడకుండా చూసుకుంటే పదమూడేళ్ల కుక్కకు కుళ్లిన పన్ను తీయడం, ఆ నొప్పితోనే దాన్ని మిగిలిన కాలమంతా బతకనివ్వడం కంటే మేలు.

అపోహ: పూర్తి మత్తు కంటే సెడేషన్ (మగత కలిగించడం) ఎప్పుడూ సురక్షితమే.

వాస్తవం: ఈ మాట యజమానుల నోటనే కాక, వైద్యుల నోట కూడా వింటాను. పూర్తి మత్తులో ఉన్న జంతువుకు సాధారణంగా శ్వాసనాళంలో ట్యూబు ఉంటుంది, ఆక్సిజన్ అందుతూ ఉంటుంది, ఒక మనిషి దానినే కనిపెట్టుకుని ఉంటాడు. ఒక ఇంజెక్షన్ ఇచ్చి మూలన పడుకోబెట్టిన జంతువుకు ఈ మూడూ ఉండకపోవచ్చు. పగ్, బుల్‌డాగ్ వంటి చదునుముక్కు జాతుల్లో గొంతు కండరాలు సడలగానే మెత్తటి అంగిలి శ్వాసమార్గాన్ని మూసేస్తుంది. ట్యూబు వేసి ఉంచిన సమయం కంటే, ట్యూబు లేని ఆ మగత సమయమే వాటికి ఎక్కువ ప్రమాదకరం. అందుకే ఈ జాతులకు మత్తుకు ముందు కొన్ని నిమిషాలు మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చి, శస్త్రచికిత్స ముగిశాక కుక్క తల ఎత్తి, ట్యూబును నమలబోయేదాకా దానిని తీయకుండా ఉంచుతాం.

జాతుల మధ్య తేడా కూడా ఇక్కడే ఎక్కువగా బయటపడుతుంది. 1962లో జర్మనీలో తయారైన, జంతువులను మగతలో పడేసే జైలజీన్‌నే తీసుకుంటే, గుర్రానికి అవసరమైన మోతాదులో సుమారు పదో వంతుకే ఆవు కూలబడుతుంది. పందికి మాత్రం గుర్రం మోతాదు కూడా చాలదు. ఈ మందు ఆవుల్లో గర్భాశయ సంకోచాలను పెంచుతుంది కాబట్టి చూడి చివరి నెలల్లో దాన్ని వాడకూడదు. గొర్రెల్లోనైతే ఊపిరితిత్తుల మీద ప్రభావం చూపి రక్తంలో ఆక్సిజన్ పడిపోయేలా చేయగలదు. ఒక జంతువుకు నప్పిన సీసాను చూసి, మరొక జంతువుకు బరువు లెక్కన మోతాదు కట్టడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇదే కుటుంబానికి చెందిన డెక్స్‌మెడిటోమిడిన్ ఇచ్చిన కుక్క చిగుళ్లు పాలిపోయి, నాడి బాగా నెమ్మదించడం చూసి కొత్తగా వచ్చిన వైద్యులు వెంటనే గుండె వేగాన్ని పెంచే అట్రోపిన్ అందుకుంటారు. డెక్స్‌మెడిటోమిడిన్ రక్తనాళాలను బిగిస్తుంది, దాంతో రక్తపోటు పెరుగుతుంది, ఆ పెరుగుదలకు బదులుగా గుండె తన వేగాన్ని తగ్గించుకుంటుంది. రక్తపోటు ఎక్కువగా ఉన్న ఆ దశలో అట్రోపిన్‌తో గుండెను పరుగెత్తిస్తే దానిపై భారం రెట్టింపవుతుంది. ముందు రక్తపోటు కొలవాలి. నిజంగా ఇబ్బందిగా ఉంటే విరుగుడుగా అటిపమిజోల్ ఉంది.

అపోహ: ఇంజెక్షన్ లేకుండా, మాస్కుతో గ్యాస్ పీల్పించి పడుకోబెట్టడమే అన్నిటికంటే సుతిమెత్తని పద్ధతి.

వాస్తవం: పైన చెప్పిన బ్రిటన్ అధ్యయనంలోనే, ఇంజెక్షన్‌తో పడుకోబెట్టి ఆపైన ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు మీద ఉంచిన కుక్కలతో పోలిస్తే, మొదటినుంచీ గ్యాస్‌తోనే నడిపిన కుక్కల్లో మరణాల ప్రమాదం ఎక్కువగా కనిపించింది. మాస్కు కింద జంతువు పెనుగులాడుతుంది, ఆ భయంలో ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, ముందస్తు మందులు లేవు కాబట్టి గ్యాస్ ఎక్కువ పాళ్లలో ఇవ్వవలసి వస్తుంది. ఐసోఫ్లూరేన్ పాళ్లు పెరిగేకొద్దీ రక్తపోటు పడిపోతుంది. ఆ గది గాలి పీల్చే సిబ్బంది సంగతి సరేసరి.

అపోహ: కదలకుండా పడుకుంది కాబట్టి నొప్పి లేదు.

వాస్తవం: కదలిక లేకపోవడం, స్పృహ లేకపోవడం, నొప్పి లేకపోవడం మూడు వేర్వేరు విషయాలు. అసిప్రోమజైన్ జంతువును మందకొడిగా మారుస్తుంది గానీ నొప్పిని ఏమాత్రం తగ్గించదు. ఐసోఫ్లూరేన్‌తో స్పృహ పోతుంది, అయినా కోత వల్ల పుట్టే సంకేతాలు వెన్నుపాము దాకా వెళ్తూనే ఉంటాయి. అవి అక్కడ నాడులను ఎంతగా రెచ్చగొడితే, మెలకువ వచ్చాక నొప్పి అంత తీవ్రంగా ఉంటుంది. శస్త్రచికిత్స మధ్యలో నాడి, రక్తపోటు ఒక్కసారిగా ఎగసినప్పుడు వేపరైజర్ తిప్పి గ్యాస్ పెంచడం చాలామందికి అలవాటు. చేయవలసినది నొప్పి మందు ఇవ్వడం. కోతకు ముందే ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి నొప్పి మందు), స్పర్శ పోయేలా లిగ్నోకైన్, వీలైన చోట వాపు తగ్గించే మందు కలిపి ఇస్తే గ్యాస్ అవసరమే తగ్గిపోతుంది, తగ్గిన గ్యాస్‌తో రక్తపోటూ నిలబడుతుంది.

పిల్లులకు మార్ఫిన్ జాతి మందులు ఇస్తే పిచ్చెత్తుతుందన్న భయం ఇప్పటికీ ఉంది. అతి మోతాదులతో చేసిన పాత పరీక్షల నుంచి పుట్టిన మాట అది. సరైన మోతాదులో ఇచ్చినప్పుడు పిల్లి కనుపాపలు విప్పారతాయి, అది పడకకు ఒళ్లు రాస్తూ, ముందు పాదాలతో గుడ్డను నొక్కుతూ ఉంటుంది, అంతే. పిల్లులకు కాలేయంలో కొన్ని మందులను విరిచే ఎంజైము లోపించడం మాత్రం నిజమే. దాని వల్ల ప్రాణం తీసేది పారాసిటమాల్. ఇంట్లో ఉంది కదా అని పిల్లికి ఆ మాత్ర వేయకూడదు.

నొప్పిని ముఖం చూసి కొలవడం ఇప్పుడు పరిశోధన స్థాయి దాటి వాడుకలోకి వచ్చింది. 2010లో ఎలుకలతో మొదలైన ముఖకవళికల కొలమానాలు 2014లో గుర్రాలకూ, 2019లో పిల్లులకూ వచ్చాయి. పిల్లి విషయంలో చెవుల వంపు, కళ్ల చిట్లింపు, మూతి బిగువు, మీసాల తీరు, తల ఎత్తి ఉంచే స్థాయి అనే అయిదింటికి మార్కులు వేస్తారు.

అపోహ: ముందు రోజు రాత్రి నుంచే అన్నం, నీళ్లు మాన్పించాలి.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు, పిల్లికి నాలుగు నుంచి ఆరు గంటల ఉపవాసం చాలని 2020 నాటి అమెరికన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి, నీళ్లు మాన్పించనవసరం లేదు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి పొంగడం గురించి జరిగిన పరిశోధనల ఫలితాలన్నీ ఒకే దిక్కున లేవు: మూడు గంటల ముందు కొద్దిగా మెత్తటి ఆహారం పెడితే పొంగడం తగ్గిందని కొన్ని, పెరిగిందని మరికొన్ని తేల్చాయి. కానీ రాత్రంతా పస్తుంచడం వల్ల రక్షణ పెరిగిందని మాత్రం తేలలేదు. చిన్న కూనలకైతే రెండు గంటలకు మించిన పస్తు రక్తంలో చక్కెరను పడదోస్తుంది. కుందేలు వాంతి చేసుకోలేదు కనుక దాన్ని పస్తుంచడంలో అర్థమే లేదు. పైగా పేగుల కదలిక ఆగిపోయి, శస్త్రచికిత్స బాగానే జరిగినా ఆ తర్వాత ప్రాణం మీదికి వస్తుంది. మత్తుకు కాస్త ముందు నోట్లో గడ్డి లేకుండా చూసుకుంటే సరిపోతుంది.

నెమరువేసే పశువుల లెక్క పూర్తిగా వేరు. పెద్ద ఆవు మొదటి పొట్ట అయిన రూమెన్‌లో వంద లీటర్లకు పైగా మేత, ద్రవం పులుస్తూ ఉంటాయి. పశువు పక్కకు పడిపోయి త్రేన్పు ఆగిందంటే ఆ వాయువు బయటికి పోయే దారి ఉండదు; పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కుతుంది, మేత గొంతులోకి ఎగదన్ని శ్వాసనాళంలోకి జారుతుంది. ఇక్కడ 18 నుంచి 24 గంటలు మేత మాన్పించడం సరైనదే. పడుకోబెట్టిన తర్వాత గొంతు కింద మెత్త పెట్టి, మూతి గొంతు కంటే పల్లంగా ఉండేలా చూస్తే లాలాజలం, ఎగదన్నిన మేత బయటికి కారిపోతాయి. అన్నిటికంటే మేలైనది, వీలైనంతవరకు నిలబడి ఉన్న పశువుకే స్థానికంగా స్పర్శ పోగొట్టి పని ముగించడం.

అపోహ: ఫలానా జాతి కుక్కకు మత్తు పడదు.

వాస్తవం: కొన్ని జాగ్రత్తలకు ఆధారం ఉంది, కొన్ని ఊరికే పాకిన మాటలు. కోలీ, వాటికి దగ్గరి జాతుల్లో మెదడులోకి మందు చేరకుండా కాపలా కాసే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యులోపాన్ని 2001లో గుర్తించారు. ఆ లోపం ఉన్నవాటికి అసిప్రోమజైన్, బ్యుటార్ఫనాల్ అనే నొప్పి మందు మోతాదులు తగ్గించాలి. గ్రేహౌండ్‌కు థయోపెంటాల్ అనే మత్తు ఇంజెక్షన్ ఇస్తే చాలాసేపు లేవదన్నదీ నిజమే. ఒంట్లో కొవ్వు తక్కువ కావడమే కారణమని చాలాకాలం అనుకున్నారు గానీ, కాలేయం ఆ మందును నెమ్మదిగా విరవడం కూడా అందులో ఉంది. ఇక అసిప్రోమజైన్ వల్ల మూర్ఛలు వస్తాయన్న మాటకు ఆసుపత్రి రికార్డులను తిరగేసిన అధ్యయనాల్లో బలం దొరకలేదు.

అపోహ: పళ్లు గారతీయడం చిన్న పని, చిన్న మత్తు చాలు.

వాస్తవం: నీళ్లు చిమ్ముతూ నోట్లో చేసే పనికి, గాలిబుడ్డ ఉన్న ట్యూబుతో శ్వాసనాళాన్ని కాపాడుకోవడం తప్పనిసరి. పిల్లుల్లో ఈ ట్యూబు దగ్గరే రెండు పొరపాట్లు జరుగుతాయి. బుడ్డలో గాలి ఎక్కువ నింపడం ఒకటి. పిల్లిని ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పేటప్పుడు ట్యూబును యంత్రం గొట్టం నుంచి విడదీయకపోవడం మరొకటి. రెండిటి వల్లా శ్వాసనాళం చీలవచ్చు, తర్వాత మెడ, ఛాతీ చర్మం కింద గాలి చేరి నొక్కితే కరకరలాడుతుంది. నోరు తెరిచి ఉంచడానికి వాడే స్ప్రింగు సాధనం ఇంకా ప్రమాదకరం. నోరు పూర్తిగా తెరిచినప్పుడు దవడ ఎముక కొన, కంటికీ మెదడుకూ రక్తం మోసుకెళ్లే ధమనిని నొక్కుతుంది. నిద్రలేచిన పిల్లికి చూపు లేకుండా పోయిన ఉదంతాలు ప్రచురితమయ్యాయి. కత్తిరించిన చిన్న ప్లాస్టిక్ ముక్కను పళ్ల మధ్య కాసేపు ఉంచితే పని జరిగిపోతుంది.

అపోహ: తుపాకీతో మత్తుసూది కొట్టగానే అడవి జంతువు కూలిపోతుంది.

వాస్తవం: మందు కండరంలోంచి రక్తంలోకి ఎక్కడానికి చాలా నిమిషాలు పడుతుంది. ఆలోగా జంతువు పరుగెత్తి నీళ్లలోనో లోయలోనో పడవచ్చు, ఒళ్లు వేడెక్కి కండరాలు దెబ్బతినవచ్చు. పడిన తీరును కూడా పట్టించుకోవాలి: ఏనుగు రొమ్ము మీద పడి ఉండిపోతే తన బరువే తన ఊపిరిని బిగిస్తుంది. ఖడ్గమృగాలను హెలికాప్టర్‌కు కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసి తరలించడం చూసినవారికి అది క్రూరంగా అనిపిస్తుంది. నమీబియాలో 12 నల్ల ఖడ్గమృగాల మీద చేసి 2021లో ప్రచురించిన పరిశీలనలో, పక్కకు పడుకోబెట్టిన స్థితి కంటే ఆ స్థితిలో రక్తంలోని ఆక్సిజన్ కొంచెం మెరుగ్గానే ఉంది. రెండు స్థితుల్లోనూ అది తక్కువే. ఆ పరిశీలనకు అదే ఏడాది ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. నవ్వించే బహుమతే అయినా, ప్రశ్న సరైనది.

అపోహ: కళ్లు తెరిచింది, గండం గడిచింది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. బ్రిటన్ అధ్యయనంలో మరణించిన పిల్లుల్లో 61 శాతం, కుక్కల్లో 47 శాతం, కుందేళ్లలో 64 శాతం చనిపోయింది శస్త్రచికిత్స ముగిసిన తర్వాతే. వాటిలోనూ ఎక్కువభాగం మొదటి మూడు గంటల్లో. మానిటర్ల తీగలు విప్పేసి, ఆక్సిజన్ ఆపేసి, సిబ్బంది తర్వాతి కేసుకు వెళ్లిపోయే సమయం అదే. గుర్రాల్లో ఈ దశ మరీ కఠినం. తూలుతూ లేవబోయి కాలు విరగ్గొట్టుకోవడం వాటి మరణాలకు ప్రధాన కారణాల్లో ఒకటి. 2002లో వెలువడిన అధ్యయనంలో గుర్రాల మరణాలు మొత్తం మీద 1.9 శాతం; 2021 నాటి అధ్యయనంలో అది 1.0 శాతం, కడుపునొప్పి శస్త్రచికిత్సల్లో మాత్రం 3.4 శాతం. నిలబెట్టి సెడేషన్‌తోనే పని ముగించిన గుర్రాల్లో 0.2 శాతమే.

జంతువును ఇంటికి తీసుకెళ్లే ముందు దాని ఒంటి వేడి మామూలు స్థాయికి వచ్చిందా, తనంతట తాను నిలబడుతోందా, చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా అన్నది వైద్యుడి చేత చూపించుకోండి. కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చిన పిల్లి కళ్లు మూయదు కాబట్టి కంటిలో లేపనం వేశారో లేదో అడగండి. ఇంట్లో మెట్లకూ నీటి తొట్టికీ దూరంగా, నేల మీద వెచ్చటి చోట పడుకోబెట్టి, పూర్తిగా మెలకువ వచ్చాకే కొద్దిగా ఆహారం పెట్టండి. కుందేలు మాత్రం వీలైనంత త్వరగా తినాలి, మర్నాటికీ గడ్డి ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా ఆగకుండా ఫోన్ చేయండి.