పూతరేకు ఒకటి, తొడుగులు నాలుగు

ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ మిఠాయికి శత్రువు తేమ. వేడి కుండ మీద తీసిన రేకు గాలి తగిలితే మెత్తబడి సాగుతుంది, మరీ ఎండితే చుట్టేటప్పుడే చిట్లుతుంది. దూరం పంపాలంటే గాలి చొరని చుట్టు ఒకటి తప్పదు. ఆపైన వచ్చే ట్రే, అట్టపెట్టె, చేతిసంచి చాలావరకు షోకే. మిఠాయి పెట్టెల మీద పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టడం 2022 జూలై 1 నుంచి నిషేధం. పెట్టె లోపల ఎన్ని పొరలుండాలో మాత్రం ఎవరూ అడగరు.

వెనకటి రోజుల్లో కొట్లో పప్పూ బెల్లమూ పాత పేపరు పొట్లంలో, పురికొసతో వచ్చేవి. పూలు అరిటాకులో కట్టేవారు. నూనెకు సీసా ఇంటి నుంచే వెళ్లేది. వాడేశాక కాలువ గట్టు మీద పారేస్తే పశువు తినేది, లేదా కుళ్లేది. అంటే గట్టు మీద వేసే అలవాటు అప్పట్లో తప్పు కాదు. తర్వాత అలవాటు అలాగే ఉండిపోయి, వస్తువు మారింది.

ఆ మార్పులో పెద్ద మలుపు సాచెట్. 1980ల్లో కడలూరు వైపు నుంచి బయల్దేరిన చిన్న షాంపూ ప్యాకెట్ల పద్ధతి తర్వాత కాఫీపొడికీ పచ్చడికీ పాకింది. రోజు కూలీతో బతికే ఇంటికి ఏ రోజు సరుకు ఆ రోజు కొనడమే వీలు, కాబట్టి కొన్నవాళ్లను తప్పుపట్టలేం.

చిక్కంతా ఈ సాచెట్ కవరు నిర్మాణంలో ఉంది. బయట అచ్చు నిలవడానికి పాలియెస్టర్, మధ్యలో తేమనూ వెలుతురునూ ఆపే అల్యూమినియం, లోపల వేడికి అతుక్కునే పాలిథిన్. పాలిథిన్ 110–130 డిగ్రీలకు కరుగుతుంది, పాలియెస్టర్‌కు 250 దాటాలి. కలిపి కరిగిస్తే ఎందుకూ పనికిరాని ముద్ద, విడదీద్దామంటే గిట్టుబాటు కాదు. అందుకే పాత సామాన్ల వ్యాపారి అట్టపెట్టె, నీళ్ల సీసా, పాల ప్యాకెట్ తీసుకుంటాడు గానీ చిప్స్ కవరు ముట్టడు. రొయ్యల మేత సంచికైతే రెండో బతుకు ఉంది: కొబ్బరికాయలకో, గండి పడ్డచోట ఇసుక నింపడానికో వాడతారు.

కేంద్రం ప్లాస్టిక్ నిబంధనల చూపు చేతిసంచి మీదే నిలిచింది. దాని కనీస మందం 1999లో 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరులో 75, 2022 చివర 120. ఈ కొలతలు బహుళపొరల కవర్లకు వర్తించవు. రీసైకిల్ కాని అలాంటి కవర్లను రెండేళ్లలో ఆపేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. 2018 సవరణ దానికి మెలిక పెట్టింది: ఇంధనంగా మండించడానికీ, మరే పనికీ పనికిరానివైతేనే ఆపాలట. సిమెంటు బట్టీలో మండని కవరు ఏముంటుంది?

గోదావరి డెల్టాలో చెత్తకు మెరక లేదు. గొయ్యి తీస్తే కొద్ది లోతులోనే నీరు, వానాకాలంలో గొయ్యే చెరువు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వ్యాపించిన కాలువల గట్లే ఊరికి మిగిలిన ఎత్తు, చెత్తా అక్కడికే చేరుతుంది. నీళ్లు వదలగానే కవర్లు గుర్రపుడెక్కలో చిక్కి తూము నోటికి అడ్డం పడతాయి. తూము సగం మూసుకుంటే ముందు ఎండేది శివారు చేలే. వేసవిలో కాలువ కట్టేశాక పొక్లెయిన్ పూడిక తీస్తుంది, పూడికతో పాటు సాచెట్లూ పైకొస్తాయి. దాన్ని గట్టు మీదే పోస్తారు. తొలకరికి అంతా మళ్లీ కాలువలోకే.